బుడమేరు ఉన్న ఊళ్లో సివిల్ బ్రాంచిని ఎండిపోనిస్తారా?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజులు రాగానే మా వీధిలో ఏటా ఒకే రకం పరామర్శలు మొదలవుతాయి. కంప్యూటర్ సైన్స్ వచ్చినవారి ఇంట్లో మిఠాయిలు పంచుతారు. సివిల్ వచ్చినవారి ఇంటికి వెళ్లి ధైర్యం చెబుతారు. నేను కృష్ణ అవతల ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చదివి 2022లో పట్టా పుచ్చుకున్నాను. అక్కడ నాకు దక్కింది ఏమిటో, నా తర్వాతి వాళ్లకు దక్కకుండా పోతున్నది ఏమిటో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కోరేది ఒకటే. ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల ప్రైవేటు విశ్వవిద్యాలయాలు సివిల్ బ్రాంచిని ఎండిపోనివ్వకూడదు, ప్రభుత్వం చూస్తూ ఊరుకోకూడదు.

నేను అజిత్‌సింగ్ నగర్‌లో పుట్టి పెరిగినదాన్ని. నాన్న ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేస్తారు. 2018లో నా ర్యాంకుకు ప్రభుత్వ కళాశాలలో సీటు రాలేదు. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరితే అప్పట్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించేది కాదు. హామీ లేకుండా బ్యాంకు ఇచ్చే 4 లక్షల విద్యారుణం, అమ్మ కట్టిన చీటీ, నాన్న అదనపు గంటల పని, వీటితో గడిచింది నా చదువు. అంత డబ్బు పోసి సివిల్ ఎందుకని బంధువులు గట్టిగానే అడిగారు. మేస్త్రి చెప్పిందంతా నమ్మి, కట్టిన గోడను మళ్లీ పడగొట్టించుకున్న మనిషి మా నాన్న. ఇంట్లో ఒకరికైనా ఆ లెక్క తెలియాలన్నది ఆయన పట్టుదల. నా ఇష్టమూ అదే కావడం నా అదృష్టం.

ఆ విశ్వవిద్యాలయం నాకు మంచి చదువే చెప్పింది, ఆ మాట ముందే చెప్పాలి. పరీక్షలు చెప్పిన తేదీకి జరిగేవి. గ్రంథాలయం రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండేది. కాంక్రీటు పనికి ఆధారమైన ఐఎస్ 456 మొదలుకొని కోడ్ పుస్తకాలన్నీ చేతికి అందే చోట ఉండేవి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన నాలాంటి వాళ్లకు సాయంత్రం కూర్చోబెట్టి మళ్లీ పాఠం చెప్పిన మేడం ఒకరు ఉన్నారు. ఆవిడే లేకపోతే స్ట్రక్చరల్ అనాలిసిస్ నాకు ఒంటబట్టేది కాదు. అయినా నేను కట్టిన ఫీజుకు అసలైన ప్రతిఫలం దొరికిన చోటు మా కాంక్రీటు ల్యాబ్.

ఆ ల్యాబ్‌లో ఒక పెద్దాయన అసిస్టెంటుగా ఉండేవారు. డిప్లొమా చదివి, కాలువ పనుల్లోనూ వంతెనల పనుల్లోనూ ఏళ్ల తరబడి ఎండకు ఎండి వచ్చిన మనిషి. మేమందరం మాస్టారు అనే పిలిచేవాళ్లం. మొదటి క్లాసులోనే మిక్సరు జోలికి వెళ్లనివ్వలేదు. పారలు చేతికిచ్చి రేకు మీద కలపమన్నారు. ఇసుకను గుప్పిట్లో పట్టి పిండి, అందులో అప్పటికే ఎంత తడి ఉందో చెప్పమనేవారు. మా జట్టులో ఒకరు పోత సులువుగా సాగుతుందని ఒక చెంబు నీళ్లు ఎక్కువ పోశారు. మాస్టారు చూశారు, ఒక్క మాట అనలేదు. "దాన్ని కూడా పోయండమ్మా, గుర్తు మాత్రం వేరే పెట్టండి" అన్నారు. పదిహేను సెంటీమీటర్ల దిమ్మలు రెండు రకాలూ తొట్టిలో 28 రోజులు నానాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే తీసి నొక్కే యంత్రం కింద పెట్టించారు. లెక్క ప్రకారం కలిపినది చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు దాటి నిలబడింది. నీళ్లు ఎక్కువైనది 13 దగ్గరకు వచ్చేసరికి మూలలు రాలి పొడిపొడి అయింది. పైకి చూస్తే రెండూ ఒకే రంగు, ఒకే నునుపు. "ఇంటి యజమానికి ఈ తేడా ఎలా తెలుస్తుందమ్మా? మీకు తెలియాలి" అని, ఆ ముక్కలు మా చేతే ఊడ్పించారు.

ఇప్పుడు నేను అమరావతి పనుల్లో ఒక గుత్తేదారు సంస్థ తరఫున నాణ్యత పరీక్షలు చూస్తున్నాను. మిట్టమధ్యాహ్నం కాంక్రీటు లారీ ఆలస్యంగా వస్తుంది, మాల్ గట్టిపడుతూ ఉంటుంది, పైపు పట్టుకున్న కుర్రాడు కొంచెం నీళ్లు కొట్టనివ్వండి మేడం అంటాడు. వద్దని నేను గట్టిగా చెప్పగలుగుతున్నానంటే ఆ పొడి అయిన దిమ్మను నా కళ్లతో చూశాను కాబట్టి. ఏ వీడియో పాఠమూ నాకు ఆ ధైర్యం ఇచ్చేది కాదు. కరోనా రోజుల్లో మాకు ల్యాబులు కూడా ఫోను తెరమీదే జరిగాయి, ఏమీ తలకెక్కలేదు. ప్రాంగణం తెరిచాక మాస్టారు శనివారాలు సాయంత్రం ల్యాబ్ తాళం తీసి, పోయిన ప్రయోగాలన్నీ మాచేత మళ్లీ చేయించారు. అందుకు ఆయనకు అదనంగా పైసా రాలేదు.

ఇక నా బాధ. మూడో సంవత్సరం వచ్చేసరికి మా టైమ్ టేబుల్‌లో కోడింగ్ శిక్షణ చేరింది. అన్ని బ్రాంచీలకూ తప్పనిసరి. ప్రాంగణ నియామకాలకు వచ్చేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ సేవల సంస్థలే, వారు ఏ బ్రాంచి అయినా తీసుకుంటారు, కాబట్టి అందరూ నేర్చుకోవాలన్నారు. నేర్చుకోవడంలో తప్పు లేదు. ఈ రోజుల్లో సివిల్ వాళ్లకూ ప్రోగ్రామింగ్ కావాలి. అయితే ఆ గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి? సర్వే క్షేత్రాభ్యాసం నుంచి, హైడ్రాలిక్స్ ల్యాబ్ నుంచి. పొద్దున్నే ఎండ ముదరకముందు దూరాలూ కోణాలూ కొలిచే టోటల్ స్టేషన్ భుజాన వేసుకుని మైదానంలోకి వెళ్లాల్సిన వాళ్లం ఏసీ గదిలో కూర్చుని పాత ప్రశ్నపత్రాలు సాధన చేశాం. నా తరగతిలో సగానికి పైగా ఇప్పుడు హైదరాబాదులో, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. వారిని నేను తప్పుపట్టను, ఇళ్లలో అప్పులు ఉన్నాయి. కానీ విశ్వవిద్యాలయం తన ప్రకటనలో వారందరినీ సివిల్ విభాగం సాధించిన నియామకాలుగా చూపించింది. అది చూసి సివిల్ తీసుకునే విద్యార్థికి ఏం అర్థమవుతుంది?

మేం చేరినప్పుడు సివిల్‌కు రెండు సెక్షన్లు. మేం బయటకు వచ్చేనాటికి మొదటి సంవత్సరంలో ఒక్కటే, అదీ సగం బల్లలు ఖాళీ. మరోవైపు కంప్యూటర్ సైన్స్‌కు సెక్షన్ల మీద సెక్షన్లు, ఏఐ అని, డేటా సైన్స్ అని. కొత్త కోర్సులకు విశ్వవిద్యాలయాలు సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ముందస్తు అనుమతి తీసుకోనక్కరలేదని భారతిదాసన్ విశ్వవిద్యాలయం కేసులో 2001లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మామూలు కళాశాలలకు సైతం, బాగా నడుస్తున్నవైతే, 2024-25 నుంచి ఏఐసీటీఈ సీట్ల పరిమితి ఎత్తేసింది. గిరాకీ ఉన్నచోట గదులు పెరుగుతాయి, లేనిచోట తరుగుతాయి, ఇది యాజమాన్యాల లెక్క. గత ఏడాది ఒక ధ్రువపత్రం కోసం వెళ్తే మా సర్వే ల్యాబ్ గదిలో కంప్యూటర్ల వరుసలు కనిపించాయి. ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెళ్లు, స్టాఫ్ కర్రలు మెట్ల కింద ఉన్న సామాన్ల గదిలోకి చేరాయి. మాస్టారు పదవీ విరమణ చేశారని, ఆ స్థానంలో ఎవరినీ తీసుకోలేదని చెప్పారు.

ఇలా ఏ ఊళ్లో జరిగినా బాధపడేదాన్ని. బెజవాడలో జరుగుతున్నందుకు కోపం కూడా వస్తోంది. ఎందుకో చెబుతాను.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు మా జట్టు మా పేటనే ఎంచుకుంది. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దిగువ నుంచి పాయకాపురం వైపు వీధులకు, పక్కనున్న మురుగు కాలువలకు లెవెళ్లు తీశాం. స్టాఫ్ కర్ర పట్టుకుని నేను నిలబడితే ఏ కేబుల్ వేస్తున్నారని వీధివాళ్లు అడిగేవారు. లెక్కలు వేసి గీత గీస్తే కొన్ని వీధులు తమ నీరు వెళ్లి కలవాల్సిన కాలువ అడుగుకు దాదాపు సమానంగా ఉన్నాయి. వాలు లేని చోట నీరు ఎటు వెళ్తుంది? బుడమేరు వాగు ఒకప్పుడు పారిన, పొంగిన పల్లం అది. దానిమీదే మా పేటలు లేచాయి. ఈ సంగతి నివేదికలో రాశాం, మార్కులు వచ్చాయి, అట్ట వేసిన పుస్తకం విభాగం అలమారలోకి వెళ్లింది.

2024 సెప్టెంబరు 1న మా ఇంట్లోకి నీరు వచ్చింది. వెలగలేరు నుంచి నీటిని కృష్ణ వైపు మళ్లించే కాలువకు గండ్లు పడ్డాయి, బుడమేరు మా మీదికి వచ్చింది. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక అన్నీ నీళ్లలోనే. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. 1957లో కట్టిన నాటి నుంచి అంత నీరు చూడలేదు. డ్రోన్లతో పై అంతస్తులకు అన్నం పొట్లాలు వేసిన సంగతి, గండ్లు పూడ్చడానికి సైన్యం ఇంజనీర్లు వచ్చిన సంగతి మీ పాఠకులకు తెలిసినవే. ఆ తర్వాత జరిగింది చెబుతాను.

నీరు తీసి, అగ్నిమాపక యంత్రాలతో బురద కడిగించుకున్నాక మనుషులకు అసలు భయం పట్టుకుంది. గోడలు పగుళ్లిచ్చాయి. ఇంట్లో పడుకోవచ్చా, కూలుతుందా? నేను సివిల్ చదివానని తెలిసిన ఎదురింటి పిన్నిగారు ముందు పిలిచారు. "అమ్మాయీ, ఒకసారి మా గోడ చూడమ్మా, పిల్లలు ఉన్న ఇల్లు" అన్నారు. అక్కడి నుంచి వీధంతా పిలిచారు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన పగులు వేరు, ఇటుకల వరుసల వెంట మెట్లు మెట్లుగా పాకినది వేరు, పైపూత మాత్రమే ఉబ్బి ఊడినది వేరు. చిన్న సుత్తితో తట్టుతూ ఆ డొల్ల శబ్దం వాళ్లకు కూడా వినిపించాను. అనుమానం ఉన్న చోట పగులుకు అడ్డంగా సన్నని గాజు పలక అతికించి, పక్కన బొగ్గుతో తేదీ రాశాను. పగులు ఇంకా కదులుతుంటే గాజు విరుగుతుంది, ఆగిపోతే అలాగే ఉంటుంది. ఈ పని మాస్టారు ల్యాబ్ వెనక పాత గోడ మీద మాకు చేసి చూపించినదే. పిన్నిగారి ఇంట్లో గాజు విరగలేదు. మూడిళ్ల అవతల విరిగింది. నేను పనిచేసే చోటి పెద్ద ఇంజనీరు గారిని తీసుకొచ్చి చూపించి, ఆ కుటుంబాన్ని మరోచోటికి పంపాం.

వీధివీధికీ అలా చూడగలిగిన మనిషి ఒకరు ఉండి ఉంటే ఎంతమంది నిద్రపోయేవారో ఆలోచించండి. లక్షలమంది ఉన్న ముంపు ప్రాంతం అది. నది ఇవతలా అవతలా ఇన్ని ఇంజనీరింగ్ కళాశాలలు, ఇన్ని విశ్వవిద్యాలయాలు ఉన్న చోటు దేశంలో అరుదు. మా పేటలో గోడలు చూడటానికి మాత్రం మనుషులు దొరకలేదు.

వరదలో కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్ల దగ్గర తగిలి గేట్లను తూచి నిలిపే దిమ్మలు (కౌంటర్ వెయిట్లు) విరిగినప్పుడు ప్రభుత్వం గేట్ల పనిలో విశ్రాంత నిపుణుడు కన్నయ్య నాయుడు గారిని పిలిపించింది. అంతకు కొద్ది వారాల ముందు తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోతే ఆయనే దిక్కయ్యారు. ఆ పెద్దాయనకు చేతులెత్తి నమస్కరిస్తాను. ఆయన తర్వాత ఎవరు? కంకిపాడులో పుట్టి, నాగార్జునసాగర్ వంటి ప్రాజెక్టులకు మేధస్సు ధారపోసి, ఈ విజయవాడ నుంచే పార్లమెంటుకు వెళ్లి కేంద్ర నీటిపారుదల మంత్రి అయిన కె.ఎల్. రావు గారి గడ్డ ఇది. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టుకున్నాం. ఆయన చదివిన చదువును మాత్రం మన పిల్లలు చదవకూడదా?

రాజధాని సంగతీ చూడండి. 2019 తర్వాత పనులు ఆగి, సచివాలయ టవర్ల ర్యాఫ్ట్ పునాదులు, అంటే భవనం కింద ఒకే పలకగా పోసిన పునాదులు, ఏళ్ల తరబడి నీళ్లలో మునిగి ఉన్నాయి. అవి పనికివస్తాయో రావో చెప్పడానికి మద్రాసు ఐఐటీ నిపుణులు రావలసి వచ్చింది. 2025 మే 2న ప్రధానమంత్రి పనులను పునఃప్రారంభించాక ఆ నల్లరేగడి నేలలో ఏళ్ల పాటు సాగే పని కళ్లముందు ఉంది. మా సైటులో నాతో పనిచేసే యువ ఇంజనీర్లలో చాలామంది ఒడిశా నుంచో, తమిళనాడు నుంచో వచ్చినవారు. మంచి పనివాళ్లు, నాకు స్నేహితులు కూడా. ఉండవల్లి కుర్రవాడు, తుళ్లూరు అమ్మాయి వారి పక్కన ఎందుకు కనిపించడం లేదన్నదే నా ప్రశ్న.

మరి ఏం చేయాలి? ప్రైవేటు విశ్వవిద్యాలయాల సీట్లలో 35 శాతం ఇప్పుడు కన్వీనర్ కోటాలో ప్రభుత్వమే నింపుతోంది, వాటికి ఫీజు కూడా కడుతోంది. అంటే ప్రభుత్వానికి అడిగే హక్కు ఉంది. రాజధాని ప్రాంతంలో కొన్ని విశ్వవిద్యాలయాలకు భూములు కేటాయించింది, అవి 29 గ్రామాల రైతులు సమీకరణలో ఇచ్చిన భూములు. ఆ నేల మీద నిలబడ్డ సంస్థ సివిల్‌కు కనీసం ఒక నిండు సెక్షన్, పనిచేసే ల్యాబ్, అందులో చేయి తిరిగిన అసిస్టెంటు ఉండేలా చూడాలని ప్రభుత్వం షరతు పెట్టవచ్చు. సీట్లు నిండకపోతే ఫీజు తగ్గించండి. కంప్యూటర్ సైన్స్‌లో వచ్చే మిగులులో కొంత ఇటు మళ్లించండి. విశ్వవిద్యాలయం అనిపించుకున్న సంస్థకు ఆ మాత్రం బాధ్యత ఉండాలి.

నియామకాల లెక్క బ్రాంచి వారీగా, పని వారీగా ప్రచురించాలి. సివిల్ చదివి సివిల్ పనిలో చేరినవారు ఎందరు, సాఫ్ట్‌వేర్‌కు వెళ్లినవారు ఎందరు అన్నది విడివిడిగా తెలియాలి. ప్రవేశాలు మొదలవడానికి 60 రోజుల ముందే ఫీజుల వివరాలు, అధ్యాపకుల అర్హతలు, వారు రెగ్యులర్ సిబ్బందా, సందర్శక అధ్యాపకులా అన్నది చెప్పే ప్రాస్పెక్టస్‌ను వెబ్‌సైటులో పెట్టాలని యూజీసీ 2023 నిబంధనలు చెబుతున్నాయి. తల్లిదండ్రులారా, ఆప్షన్లు పెట్టేముందు ఆ ప్రాస్పెక్టస్ అడగండి. ప్రాంగణం చూపించడానికి తీసుకెళ్లినప్పుడు ఈతకొలను దగ్గర ఆగిపోకుండా ల్యాబ్ తలుపు తీయించండి. దిమ్మలు నానబెట్టే తొట్టిలో నీళ్లున్నాయేమో చూడండి. తొట్టి ఎండి ఉంటే ఆ సంవత్సరం అక్కడ పిల్లలు ఏమీ పోయలేదని అర్థం.

డబ్బు సంగతి దాచను. నా మొదటి జీతం నెలకు 15,000 రూపాయలు. సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిన నా స్నేహితురాలికి అప్పుడే దానికి రెట్టింపు వచ్చేది. సైటులో ఆడపిల్లకు సరైన మరుగుదొడ్డి లేక నేను నీళ్లు తాగడం తగ్గించిన రోజులున్నాయి. ఈ రెండూ మారాలి. రాజధాని పనుల టెండర్లలోనే కొత్త ఇంజనీర్ల కనీస వేతనం, మహిళల సౌకర్యాలు షరతులుగా పెట్టడానికి ప్రభుత్వానికి అడ్డేమీ లేదు. అవి చేయకుండా సివిల్‌లో పిల్లలు చేరడం లేదని అనడం న్యాయం కాదు. నాకు ఇప్పుడు జీతం పెరిగింది, బ్యాంకు వాయిదాలు తప్పకుండా కడుతున్నాను, నా తమ్ముడు వచ్చే ఏడాది పరీక్ష రాస్తాడు. వాడు సివిల్ తీసుకుంటానంటే ఇంట్లో ఎవరూ వద్దనరు.

చివరిగా జలవనరుల శాఖకు, నగరపాలక సంస్థకు ఒక మనవి. మా నివేదిక లాంటివి ఈ రెండు జిల్లాల విశ్వవిద్యాలయాల అలమారల్లో చాలా ఉన్నాయి. కాలువల లెవెళ్లు, నేల పరీక్షలు, పాత వంతెనల కొలతలు, అన్నీ పిల్లలు ఎండలో నిలబడి తీసినవి. ప్రతి సివిల్ విభాగానికీ ఒక ఉత్తరం రాసి వాటిని తెప్పించుకోండి. తప్పులుంటే మీ ఇంజనీర్లు సరిచూస్తారు. బుడమేరు పనులకు కొలతలు తీసేటప్పుడు ఇప్పుడు చదువుతున్న వాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి. కొద్దిమందే ఉన్నా, స్టాఫ్ కర్ర పట్టుకోవడానికి వాళ్లు సంతోషంగా వస్తారు.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజనీరింగ్ పట్టభద్రురాలు,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ